ఉప్పుగాలి ఊళ్లలో విద్యుదావేశం: వస్తువుకు ఎక్కించడం, జారిపోకుండా నిలపడం

ప్లాస్టిక్ దువ్వెనతో పొడిజుట్టు దువ్వి చిన్న కాగితం ముక్కల దగ్గరికి తెస్తే అవి ఎగిరి అంటుకుంటాయని బడి పుస్తకాల్లో ఉంటుంది. నవంబరులో, వాయుగుండం పట్టిన వారంలో, నెల్లూరులోనో కొత్తపట్నంలోనో ఈ పని చేసి చూడండి. కాగితం ముక్క కదలదు. అదే దువ్వెన, అదే జుట్టు మే నెలలో కనిగిరిలో అయితే ముక్కలు గంతులేస్తాయి. నవంబరులోనూ దువ్వెనకు ఆవేశం ఎక్కింది. ఎక్కినట్టే ఎక్కి, దువ్వెన ఒంటి మీదున్న కంటికి కనపడని తడి పొర గుండా చేతిలోకి, చేతి నుంచి నేలలోకి జారిపోయింది.

అందుకని మన వైపు ఈ పాఠం రెండు పనులుగా చేసుకోవాలి. ఆవేశం ఎక్కించడం సులువైన పని. ఎక్కినదాన్ని నిలపడమే అసలు పని. సామానంతా వంటింట్లోనూ, కరెంటు సామాన్ల షాపులోనూ దొరికేదే.

రుద్దితే కొత్తగా పుట్టేదేమీ లేదు

ప్రతి పదార్థంలోనూ ధనావేశమున్న ప్రోటాన్లు, రుణావేశమున్న ఎలక్ట్రాన్లు సరిసమానంగా ఉంటాయి. అందుకే మామూలుగా ఏ వస్తువూ ఆవేశం చూపదు. ప్రోటాన్లు పరమాణువు నడుమ కేంద్రకంలో బిగిసి ఉంటాయి, వాటిని కదిలించడం మన తరం కాదు. వెలుపలి ఎలక్ట్రాన్లు మాత్రం రెండు వస్తువులు గట్టిగా తాకి విడిపోయేటప్పుడు ఒకదాని నుంచి మరోదానికి మారతాయి. ఎలక్ట్రాన్లు పొందినది రుణావేశితం, పోగొట్టుకున్నది ధనావేశితం. ఒకటి ఎంత పోగొట్టుకుంటే రెండోది అంతే పొందుతుంది, మొత్తం మారదు. పిల్లలు ఇక్కడే తడబడతారు: పొందినదానికి రుణం గుర్తు ఏమిటని. తప్పు వాళ్లది కాదు. ఆవేశాల్లో రెండు రకాలున్నాయని 1733లో ఫ్రెంచి శాస్త్రవేత్త దుఫే చెప్పాడు. పట్టుతో రుద్దిన గాజు మీదిది ధనం అని 1747 ప్రాంతంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు పెట్టేశాడు. ఎలక్ట్రాన్ దొరికింది 1897లో. అప్పటికి 150 ఏళ్లుగా వాడుకలో ఉన్న పేర్లను ఎవరు మారుస్తారు? కదిలేదానికి రుణం గుర్తు అలా మిగిలిపోయింది.

ఆవేశాన్ని కొలిచే ప్రమాణం కూలుంబు, అందులో వంద కోట్లో వంతు నానోకూలుంబు. ఒక్క ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹ కూలుంబులు. బాగా రుద్దిన ప్లాస్టిక్ పైపు మీద నిలిచేది 10 నానోకూలుంబుల లెక్కలో ఉంటుంది. అంటే దాదాపు 6,200 కోట్ల ఎలక్ట్రాన్లు మారాయన్నమాట. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ, 20 గ్రాముల ప్లాస్టిక్‌లో ఉన్న మొత్తం ఎలక్ట్రాన్లతో పోలిస్తే ఇది కోటి కోట్లలో ఒకటి. అంత కొంచెం మారితేనే కాగితం ఎగురుతోంది.

బలం ఎంతో కూడా లెక్క కట్టవచ్చు. 1785లో కూలుంబ్ ఇచ్చిన సూత్రం ప్రకారం, 10 నానోకూలుంబుల చొప్పున ఆవేశమున్న రెండు చిన్న గోళాలను 5 సెం.మీ. దూరంలో ఉంచితే వాటి మధ్య బలం 0.00036 న్యూటన్లు. 37 మిల్లీగ్రాముల బరువుతో సమానం. దూరం సగానికి తగ్గిస్తే బలం నాలుగింతలు. మనం వాడబోయే రేకు ముక్క బరువు 5 మిల్లీగ్రాములే కాబట్టి ఈ బలం దానికి ఎక్కువే.

తడి పొర సంగతి

"గాలిలో తేమ ఉంటే ఆవేశం గాలిలోకి పోతుంది" అని చాలామంది చెబుతారు. అది సరికాదు. తేమగాలి పొడిగాలి కంటే అంత మంచి వాహకమేమీ కాదు. తేమ వల్ల వచ్చే చిక్కంతా వస్తువు పైభాగాన ఏర్పడే పలుచని నీటి పొరతోనే. ఆ నీటిలో ఉప్పు, చేతి చెమట, దుమ్ము కరిగి ఉంటే అది తీగలా పనిచేస్తుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీర గ్రామాల్లో ఇంట్లో పెట్టిన వస్తువు మీద కూడా వారం తిరిగేసరికి సన్నని ఉప్పు పొర పడుతుంది. ఉప్పు గాలిలోని తేమను తనే లాక్కుంటుంది.

ఇంటి ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలం నీళ్లు పోస్తాం కదా, కరెంటు సులువుగా భూమిలోకి దిగాలని. అక్కడ మనం కోరి చేసే పనే ఇక్కడ మన ప్రయోగాన్ని చెడగొడుతోంది.

తేమ మీటరు ఉంటే చూసుకోండి. సాపేక్ష ఆర్ద్రత, అంటే మీటరు చూపే తేమ శాతం, 40 లోపుంటే అన్నీ పనిచేస్తాయి. 60 దాటితే ప్రతిదీ వేడిచేసి ఆరబెట్టుకుంటేనే. మీటరు లేకపోతే ఈ గుర్తులు చాలు. ఎండాకాలం పడమటి గాలి వీచే రోజుల్లో, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగక ముందు కోస్తాలో మంచి సమయం. పొదిలి, కనిగిరి, గిద్దలూరు వైపు రోజంతా బాగానే ఉంటుంది. చలికాలం పొద్దున్నే మంచు పడుతుంది కాబట్టి పదకొండు దాటాక మొదలుపెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏసీ గది దొరికితే అందులో చేయండి, ఏసీ గాలిలోని నీటిని తీసేస్తుంది. కూలరున్న గది మాత్రం వద్దే వద్దు. అది నీటిని గాలిలోకి ఎక్కించే యంత్రం. ఫ్యాను కింద పెట్టడం వల్ల ఒరిగేదీ లేదు.

సామాను, దాన్ని సిద్ధం చేయడం

పీవీసీ కరెంటు పైపు, 20 లేదా 25 మి.మీ.ది, అర మీటరు ముక్క. నున్నగా ఉండాలి. గరుకు కాగితంతో రుద్దినది పనికిరాదు. పారదర్శకమైన టేపు చుట్ట. మూత ప్లాస్టిక్‌దై ఉన్న గాజు జామ్ సీసా. భోజనం చుట్టే అల్యూమినియం ఫాయిల్. 2.5 చదరపు మి.మీ. ఒంటి తీగ రాగి వైరు 20 సెం.మీ. ఒక కొవ్వొత్తి. 30 సెం.మీ. చదరంగా, 2.5 సెం.మీ. మందం థర్మాకోల్ పలక. దాని కంటే చిన్నదిగా, అంచు గుండ్రంగా మడిచిన అల్యూమినియం పళ్లెం, 20 సెం.మీ. వ్యాసంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు. పట్టు గుడ్డ, నూలు గుడ్డ, పాలిథిన్ కవరు, ఉన్ని.

ఉన్ని దగ్గరే మనకు ఇబ్బంది. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, అది మాంసపు జాతి, ఒంటి మీద ఉండేది మామూలు వెంట్రుకే. కావలసింది అనంతపురం, కర్నూలు వైపు దక్కని గొర్రెల ఉన్నితో నేసిన గొంగళి ముక్క. బజారులో ఉన్ని స్వెటర్ అని అమ్మేవాటిలో చాలావరకు అక్రిలిక్ దారం. ఒక పోగు తీసి పటకారుతో పట్టి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిదగా రాలిపోతే ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అక్రిలిక్.

ఇప్పుడు కడగడం. పైపును, పళ్లేన్ని, సీసా మూతను సబ్బుతో రుద్ది బాగా జాడించాలి. ఇక్కడొక మెలిక ఉంది. పొదిలి, కనిగిరి వైపు మండలాల్లోలా బోరు నీళ్లు గడ్డు నీళ్లయితే, ఆరాక తెల్లటి లవణం పొర మిగిలి ఉన్నదాని కంటే అధ్వాన్నం అవుతుంది. చివరి జాడింపు ఆర్వో నీళ్లతోనో, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తోనో ముగించండి. ఉన్ని, పట్టు గుడ్డలను ఉతికితే సువాసన కోసం వాడే కండిషనర్ కలపకూడదు. ఆవేశం నిలవనివ్వకుండా చేయడమే దాని పనుల్లో ఒకటి.

కడిగినవాటిని ఎండలో రెండు గంటలు ఉంచి, ప్రయోగానికి ముందు హెయిర్ డ్రయ్యర్‌తో 20–30 సెం.మీ. దూరం నుంచి రెండు నిమిషాలు వేడిగాలి కొట్టించండి. ముట్టుకుంటే వెచ్చగా ఉండాలి, కాలకూడదు. పీవీసీ 75–80 డిగ్రీల దగ్గర మెత్తబడి వంగిపోతుంది. రుద్దే గుడ్డకూ ఇదే వైద్యం, దాన్ని చాలామంది మరచిపోతారు. గ్యాస్ పొయ్యి మంట మీద ఆరబెట్టడం తప్పు. మంటలో నీటి ఆవిరి పుడుతుంది, పైగా మంటలోని అయాన్లు (ఆవేశమున్న అణువులు) వస్తువు మీది ఆవేశాన్ని తుడిచేస్తాయి. సిలికా జెల్‌ను పొట్లం విప్పి పాత పెనం మీద సన్నని సెగన ఒక గంట వేడిచేసి, చల్లారక ముందే గట్టి మూత డబ్బాలో వేసుకోవాలి.

మొదటి పరీక్ష: రెండు టేపు ముక్కలు

తేమ ఎంతున్నా దాదాపు ఎప్పుడూ పనిచేసేది ఇదొక్కటే, కాబట్టి దీనితో మొదలుపెట్టండి. టేపు జిగురు వైపు అప్పటిదాకా చుట్టలో మూసి ఉంది, దానికి తడి పట్టే సమయం లేదు.

1. సన్మైకా బల్ల మీద 20 సెం.మీ. టేపు ముక్క అతికించి అలాగే వదిలేయండి. ఇది పరుపు.
2. దాని మీద అంతే పొడవు ముక్క, ఒక చివర ఒక సెం.మీ. మడిచి, అతికించండి. మడత మీద "కింద" అని రాయండి.
3. దాని మీద ఇంకో ముక్క అలాగే అతికించి "పైన" అని రాయండి.
4. పై రెంటినీ కలిపి, విడిపోకుండా, పరుపు నుంచి నెమ్మదిగా లేపండి. జంట మొత్తాన్ని వేళ్లతో మెల్లగా నిమిరి గోడ దగ్గర పెట్టి చూడండి. గోడ వైపు లాగకపోతే జంటకు మొత్తం మీద ఆవేశం లేదన్నమాట.
5. ఇప్పుడు మడతలు పట్టుకుని చట్టున విడదీయండి.

రెండూ ఒకదానికొకటి దూకి అతుక్కుంటాయి. ఇదే తంతు మళ్లీ చేసి రెండో జంటను సిద్ధం చేసుకుంటే "పైన", "పైన" ముక్కలు రెండూ వికర్షించుకోవడం, "పైన", "కింద" ఆకర్షించుకోవడం కనిపిస్తుంది. ఆవేశం లేని జంట నుంచి రెండు వ్యతిరేక ఆవేశాలు బయటికి రావడం ఇంత కళ్లకు కట్టినట్టు ఇంకెందులోనూ కనపడదు. ఏది ధనమో ఏది రుణమో టేపు రకాన్ని బట్టి మారుతుంది, ముందే చెప్పలేం. ఉన్నితో రుద్దిన పీవీసీ పైపు రుణావేశితం. దాని నుంచి పారిపోయే ముక్క రుణం.

ఇక్కడే ఒక నియమం గట్టిగా పట్టుకోవాలి. ఆవేశమున్న టేపు మీ చేతి వైపు వస్తుంది, గోడ వైపు వస్తుంది, అవి ఆవేశం లేనివే అయినా. కాబట్టి ఆకర్షణ చూసి రెండో వస్తువుకు ఆవేశం ఉందని అనకూడదు. వికర్షిస్తేనే ఉన్నట్టు. పరీక్షల్లో మార్కులు పోయేదీ, ప్రయోగాల్లో లెక్క తప్పేదీ ఎక్కువగా ఇక్కడే.

ఆవేశం లేని కాగితాన్ని దువ్వెన ఎందుకు లాగుతుందంటే, దువ్వెన మీది రుణావేశం కాగితంలోని ఎలక్ట్రాన్లను కొద్దిగా అవతలికి నెడుతుంది. ఇవతలి ముఖం ధనంగా, అవతలి ముఖం రుణంగా మారుతుంది. దగ్గరున్న వ్యతిరేకం మీద లాగుడు ఎక్కువ, దూరంగా ఉన్నదాని మీద నెట్టుడు తక్కువ. మిగిలేది లాగుడే. అంటుకున్న ముక్క కొన్ని క్షణాల్లో విదిలించుకుని ఎగిరిపోవడం గమనించండి. దువ్వెన ఆవేశంలో వాటా తీసుకుంది, ఇప్పుడు రెండూ ఒకే రకం.

రాపిడి

పేరు రాపిడి అయినా అసలు పని చేసేది తాకడం, విడిపోవడం. రుద్దడం వల్ల తాకే చోట్లు పెరుగుతాయి, అంతే. పైపును ఒక చివర పట్టుకుని, ఆ 10 సెం.మీ. వదిలి, మిగతా భాగానికి ఉన్నిని బిగించి చుట్టి, ఒకే దిశలో వేగంగా లాగండి. పది పదిహేను లాగుళ్లు చాలు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నని చిటపట వినిపించాలి. వినిపించకపోతే పైపు కాదు, ఉన్ని తడిగా ఉందని ముందు అనుమానించండి. తలకు నూనె రాసుకున్న రోజు జుట్టుతో ఈ ప్రయోగం పెట్టుకోవద్దు.

ఏ జతలో ఏది ఏ రకం అవుతుందో చెప్పే వరుస ఒకటుంది. ఎలక్ట్రాన్లు వదిలే స్వభావం ఉన్నవి ముందు: గాజు, నైలాన్, ఉన్ని, పట్టు, తర్వాత కాగితం, నూలు, చెక్క, ఆపైన గట్టి రబ్బరు, పాలిస్టరు, థర్మాకోల్, పాలిథిన్, పీవీసీ, చిట్టచివర టెఫ్లాన్. వరుసలో దూరంగా ఉన్నవాటిని జత కలిపితే ఆవేశం బాగా వస్తుంది. దగ్గర దగ్గరగా ఉన్నవి, ఉదాహరణకు పట్టు, ఉన్ని, కలిపితే ఫలితం అటూ ఇటూ అవుతుంది. ఈ వరుసను శాసనంగా తీసుకోకూడదు. ప్లాస్టిక్కుల విషయంలో ఎలక్ట్రాన్లతో పాటు అయాన్లు, పదార్థపు అతి చిన్న తునకలు కూడా మారతాయి. మురికి పట్టిన ముఖం వేరే పదార్థంలా ప్రవర్తిస్తుంది. అందుకే ప్రతిసారీ టేపుతో వికర్షణ పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి.

ధనావేశం కోసం పుస్తకాలన్నీ పట్టుతో రుద్దిన గాజు కడ్డీ చెబుతాయి. కోస్తాలో గాజు మొండికేస్తుంది, ఎందుకంటే తడిని ఇష్టంగా పట్టుకునే పదార్థాల్లో గాజు ముందుంటుంది. వేడిచేసిన నిమిషం లోపే వాడాలి. దానితో తంటాలు పడేకంటే నైలాన్ ముక్కను పాలిథిన్ కవరుతో రుద్దుకోవడం మేలు.

విద్యుద్దర్శిని కట్టడం

వస్తువు మీద ఆవేశం ఉందో లేదో చూపే పరికరం విద్యుద్దర్శిని. బంగారు రేకులతో దాన్ని అబ్రహాం బెనెట్ 1780ల్లో తయారుచేశాడు. మనకు ఫాయిల్ చాలు. మిఠాయిల మీద వేసే వెండి రేకు ఇంకా సున్నితంగా పనిచేస్తుంది గానీ ఊపిరి తగిలితే చిరిగిపోతుంది. మొదటిసారి దాని జోలికి వెళ్లొద్దు.

రాగి తీగ మీది ప్లాస్టిక్ తొడుగు పూర్తిగా తీసేయండి. వైరు తొడుగు మెత్తదనం కోసం కలిపిన రసాయనాల వల్ల ఆవేశాన్ని మెల్లగా కారనిస్తుంది. సీసా మూత నడుమ ఒక సెం.మీ. రంధ్రం చేసి, కింద టేపు అడ్డం పెట్టి, తీగను నిలువుగా నిలిపి, కొవ్వొత్తి మైనం కరిగించి రంధ్రం నిండా పోయండి. మైనం చాలా మంచి బంధకం, అంటే ఆవేశాన్ని తన గుండా పారనివ్వదు, నీటిని అంటనివ్వదు. గడ్డకట్టాక టేపు తీసేయండి. తీగ ఏ వైపునా మూత ప్లాస్టిక్‌కు తగలకుండా మైనంలోనే నిలవాలి. చేతివేళ్లతో మైనాన్ని ముట్టుకోవద్దు. వేలిముద్రలోని ఉప్పు చాలు చెడగొట్టడానికి.

తీగ కింది చివర చిన్న కొక్కెంలా వంచండి. ఫాయిల్‌ను గాజు మీద పరిచి చెంచా వెనుకభాగంతో ముడతలు పోయేలా నున్నగా చేసి, 5 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. పొడవున రెండు పట్టీలు కత్తిరించండి. పై చివరన సూదితో రంధ్రం చేసి, సూదిని గుండ్రంగా తిప్పి దాన్ని వెడల్పు చేసి, రెండూ కొక్కేనికి తగిలించండి. ఇక్కడే అందరూ దెబ్బతినేది. రంధ్రం ఇరుకైతే పట్టీ కొక్కెం మీద బిగుసుకుని ఎంత ఆవేశమిచ్చినా తెరుచుకోదు. మూత పట్టుకుని మెల్లగా ఊదితే పట్టీలు ఊయలలా స్వేచ్ఛగా ఊగాలి. తీగ పై చివరకు ఫాయిల్‌ను నలిపి 2 సెం.మీ. గుండ్రని బంతిగా బిగించండి. కొనలు పొడుచుకొని ఉండకూడదు, మొన ఉన్నచోట ఆవేశం గుమిగూడి గాలిలోకి కారిపోతుంది. సీసా అడుగున సిలికా జెల్ వేసి మూత బిగించి, అరగంట వదిలేయండి.

రుద్దిన పైపును బంతికి 10 సెం.మీ. దూరంలోకి తెస్తే పట్టీలు విచ్చుకోవాలి, తీసేస్తే మూసుకోవాలి.

తాకించి ఎక్కించడం

పైపుతో బంతిని ఊరికే ఒకచోట ముట్టిస్తే పట్టీలు కాస్త కదిలి ఊరుకుంటాయి. పైపు బంధకం, దాని మీది ఆవేశం ఎక్కడిది అక్కడే ఉంటుంది, ముట్టుకున్న చోటుది మాత్రమే దిగుతుంది. పైపును తిప్పుతూ బంతి మీదుగా పొడవునా ఈడ్చండి. అప్పుడు పట్టీలు విచ్చుకుని, పైపు తీసేసినా అలాగే నిలుస్తాయి. వాటికిప్పుడు పైపు రకమే, రుణావేశం.

ఎంతసేపు నిలిచాయో గడియారం చూసి రాసుకోండి. రెండు మూడు నిమిషాలు నిలిస్తే మంచి పరికరం. రెండు క్షణాల్లో వాలిపోతే మైనం మీద తడో వేలిముద్రో ఉంది. డ్రయ్యర్‌ను దూరం నుంచి కొద్దిసేపు చూపండి. అప్పటికీ వాలితే పాత మైనం గీకేసి కొత్తది పోయడమే. అసలు విచ్చుకోకపోతే కొక్కెం దగ్గర బిగుసుకుంది. ఒకటే విచ్చుకుని రెండోది కదలకపోతే ఒకదాని అంచు మడత పడి ఉంటుంది. పట్టీ వెళ్లి సీసా గోడకు అతుక్కుంటే ఆవేశం ఎక్కువైంది, వెడల్పు సీసా వాడండి.

పరికరం ఒక్కటి చేతిలో ఉంటే ఏది వాహకమో ఏది కాదో తేల్చడం నిమిషాల పని. ఆవేశమున్న బంతికి మీ చేతిలోని వస్తువు చివర ముట్టించండి. స్టీలు చెంచా, పచ్చి పుల్ల, నూలు దారం అన్నీ పట్టీలను దించేస్తాయి. ఎండిన నైలాన్ గాలపు దారం దించదు. అదే దారాన్ని ఒకసారి సముద్రపు నీటిలో ముంచి ఆరబెట్టి చూడండి, సాయంత్రపు గాలికి దించేస్తుంది.

ముట్టకుండా ఎక్కించడం: ప్రేరణ

ఇక్కడ వరుస తప్పితే ఫలితం సున్నా.

పైపును బంతికి 5–8 సెం.మీ. దగ్గరికి తెచ్చి కదలకుండా పట్టుకోండి. పట్టీలు విచ్చుకుంటాయి. రెండో చేతి వేలితో బంతిని ముట్టండి. పట్టీలు మూసుకుంటాయి. పైపు నెట్టిన ఎలక్ట్రాన్లు వేలి గుండా మీ ఒంట్లోకి వెళ్లిపోయాయి. ముందు వేలు తీయండి. ఆ తర్వాతే పైపు తీయండి. పట్టీలు మళ్లీ విచ్చుకుంటాయి, ఈసారి ధనావేశంతో. పైపు ముందు తీసి వేలు తర్వాత తీస్తే వెళ్లిన ఎలక్ట్రాన్లు అదే దారిన వెనక్కి వస్తాయి. ఏమీ మిగలదు. మధ్యలో పైపు నుంచి బంతికి చిన్న చిటుక్కు వినిపించినా ప్రయోగం చెడినట్టే, అది తాకించినట్టే లెక్క. మొదటి నుంచి మళ్లీ చేయాలి. భూమికి కలపడానికి మీ వేలు చాలు. మూడు పిన్నుల సాకెట్‌లో తీగ దూర్చే పని ఎవరూ, ఎందుకూ చేయకూడదు.

ఎక్కింది ధనమేనా? రుద్దిన పీవీసీని అర మీటరు దూరం నుంచి నెమ్మదిగా దగ్గరికి తీసుకురండి. పట్టీలు ముడుచుకుంటే వ్యతిరేకం, ఇంకా విచ్చుకుంటే ఒకే రకం. తొందరపడి ఒక్కసారిగా దగ్గరికి తెస్తే ముడుచుకున్న పట్టీలు మళ్లీ విచ్చుకుంటాయి, చూసేవాళ్లు రెండోది మాత్రమే చూసి తప్పు చెబుతారు.

ఒక్కసారి రుద్ది వందసార్లు: ఎలక్ట్రోఫోరస్

ఎలక్ట్రోఫోరస్ అంటే ఒకసారి రుద్దిన పలకతో పళ్లేనికి మళ్లీ మళ్లీ ఆవేశం ఎక్కించే పరికరం. దీన్ని 1775లో శాస్త్రవేత్త వోల్టా ప్రచారంలోకి తెచ్చాడు, అంతకు ముందే 1762లో విల్కె అనే శాస్త్రవేత్త చేశాడు. పళ్లెం నడుమ, లోపలి వైపు, 15 సెం.మీ. పీవీసీ పైపు ముక్కను వేడి జిగురుతో నిలువుగా అతికించండి. అది పిడి. థర్మాకోల్ పలకను బల్ల మీద పెట్టి ఉన్నితో అర నిమిషం గట్టిగా రుద్దండి. పిడి పట్టుకుని పళ్లేన్ని పలక మీద పెట్టండి. వేలితో పళ్లేన్ని ముట్టండి, చిటుక్కుమంటుంది. వేలు తీసి, పిడితో పళ్లేన్ని పైకెత్తండి. ఇప్పుడు వేలి కణుపు దగ్గరికి తెస్తే 3 నుంచి 8 మి.మీ. దూరాన నిప్పురవ్వ దూకుతుంది. చీకటి గదిలో నీలిగా కనిపిస్తుంది. మళ్లీ పలక మీద పెట్టండి, ముట్టండి, ఎత్తండి, రవ్వ. పలకను తిరిగి రుద్దనక్కర్లేదు.

పలక మీది ఆవేశం ఎందుకు తరగదు? అది పళ్లెంలోకి దిగడం లేదు కాబట్టి. థర్మాకోల్, పళ్లెం నిజానికి కొన్ని చోట్ల మాత్రమే తాకుతాయి. పలక రుణావేశం పళ్లెంలోని ఎలక్ట్రాన్లను మీ వేలిలోకి నెట్టి, పళ్లేన్ని ధనావేశితంగా మిగులుస్తుంది. మరి రవ్వకు శక్తి ఎక్కడిది? పళ్లేన్ని పలక లాగుతూంటే మీరు దాన్ని ఎత్తుతున్నారు. ఆ ఎత్తిన శ్రమే. వేలితో ముట్టిన తర్వాత ఎత్తినప్పుడు పలక కూడా పళ్లెంతో పాటు లేవబోవడం చేతికి తెలుస్తుంది.

పాత టెస్టర్‌లోని చిన్న నియాన్ బల్బు ఊడదీసి, ఒక కాలు చేత్తో పట్టుకుని రెండో కాలు పళ్లేనికి ముట్టిస్తే ఒక్క మెరుపు మెరుస్తుంది. రుణం వైపున్న ధ్రువం దగ్గరే ఆ వెలుగు కనపడుతుంది. పళ్లెం ధనం కాబట్టి మీ వేలి వైపు ధ్రువం వెలగాలి. ఆవేశం రకం చెప్పే ఇంత చవకైన పరికరం ఇంకోటి లేదు.

గాలి సెంటీమీటరుకు దాదాపు 30,000 వోల్టుల దగ్గర తెగుతుంది, కాబట్టి ఆ చిన్న రవ్వ వెనుక వేల వోల్టులున్నాయి. భయం అక్కర్లేదు. పళ్లెం మీద 10,000 వోల్టులున్నా అందులోని శక్తి మూడో వంతు మిల్లీజౌలు మాత్రమే.

అభ్రకం, మన పక్క సరుకు

సైదాపురం, గూడూరు ప్రాంతపు అభ్రకానికి, పిల్లలు కాకి బంగారం అని ఏరుకునే దానికి, ఈ పాఠంలో చోటుంది. అది పొరలు పొరలుగా చీలుతుంది, మిల్లీమీటరు మందానికి లక్ష వోల్టులకు పైగా తట్టుకుంటుంది. అందుకే ఒకప్పటి రేడియో కెపాసిటర్లలో రెండు లోహపు రేకుల నడుమ అభ్రకమే పెట్టేవారు. అరచేయంత పలక దొరికితే, అంచున సన్నని బ్లేడు దూర్చి రెండు పొరలుగా చట్టున చీల్చి, తాజా ముఖాన్ని వెంటనే విద్యుద్దర్శిని బంతి దగ్గర పెట్టండి. రుద్దకుండానే పట్టీలు కదలవచ్చు. విడిపోయేటప్పుడు ఆవేశం రెండు ముఖాల మీద మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది. టేపు విడదీసినట్టే ఇదీ. తాజా అభ్రకపు ముఖం తడిని చప్పున పట్టేస్తుంది కాబట్టి, చీల్చే పనంతా బంతి పక్కనే చేయాలి. పాత గనుల గుంతల్లోకి దీనికోసం దిగవద్దు, నీళ్లు నిండి అంచులు కూలుతుంటాయి. అంగట్లో ఇస్త్రీపెట్టెల విడిభాగంగా అమ్మే అభ్రకపు పలక చాలు.

జాగ్రత్తలు

పేస్‌మేకర్ ఉన్నవాళ్ల దగ్గర ఈ రవ్వల ప్రయోగాలు చేయవద్దు. ఫోను, కంప్యూటరు బోర్డులు దూరంగా ఉంచండి. మనిషి చేతికి చురుక్కుమనాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి, కొన్ని చిప్‌లు చెడడానికి వంద కూడా అక్కర్లేదు. సీసాకు లోపలా బయటా రేకు చుట్టి ఆవేశం నిల్వచేసే లేడెన్ జాడీలు పెద్దవి చేయకండి. లీటరు సీసా 20,000 వోల్టులకు ఎక్కితే గట్టిగా దెబ్బ కొడుతుంది.

పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి పావు మిల్లీజౌలు చాలు. సీటు మీద జరిగి దిగిన మనిషి ఒంటి మీద అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. పెట్రోలు కొట్టే ముందు బండి లోహపు భాగాన్ని ముట్టుకోవాలి. క్యాను నింపాలంటే బండి మీదో ప్లాస్టిక్ పట్టా మీదో కాదు, నేల మీద పెట్టి నింపాలి.

పిడుగూ ఇదే ఆవేశం, కొలతే వేరు. మేఘంలో మంచు పలుకులు, మెత్తటి వడగళ్లు ఢీకొని విడిపోతూ ఆవేశాలు పంచుకుంటాయి. మన పైపు మీది కంటే వంద కోట్ల రెట్లు ఎక్కువ ఆవేశం ఒక్క మెరుపులో నేలకు దిగుతుంది. 1753లో రిష్‌మన్ అనే శాస్త్రవేత్త ఉరుముల వేళ ఇంటి పైకప్పు నుంచి తీగ దించి కొలవబోయి పిడుగుపాటుకు చనిపోయాడు. ఉరుము వినపడితే పైపులు, తీగలు ఇంట్లో పెట్టేయండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి తేవద్దు.

దాచడం

పని అయ్యాక పైపు మీద ఆవేశం మిగిలితే దుమ్మును లాగి మురికి పట్టిస్తుంది. ముట్టుకుంటే బంధకం మీది ఆవేశం పోదు. వెలిగించిన కొవ్వొత్తికి 10 సెం.మీ. పైన పైపును తిప్పుతూ రెండు మూడు క్షణాలు చూపితే మంటలోని అయాన్లు దాన్ని తుడిచేస్తాయి. తర్వాత పైపును, ఉన్నిని, విద్యుద్దర్శిని మూతను వేర్వేరు పాలిథిన్ కవర్లలో కట్టి, వేయించిన సిలికా జెల్‌తో పాటు గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. రంగు మారే జెల్ అయితే మారినప్పుడు, లేకపోతే వానాకాలంలో రెండు వారాలకోసారి, జెల్‌ను మళ్లీ పెనం మీద వేయించండి. థర్మాకోల్ పలక డబ్బాలో పట్టదు. దాన్ని కవరులో చుట్టి బీరువా పై అరలో పెట్టండి, నేల మీద గోడకు ఆనించి మాత్రం కాదు, గోడ చెమ్మ దానికే ముందు పడుతుంది.